నాలుగు గుమ్మాల శుక్రవారం

పెద్దాయనకు పెట్టిన పళ్ళెం పెట్టింది పెట్టినట్టే వంటింట్లోకి తిరిగి వచ్చింది. కారం తగలకుండా చేసిన కోడికూర, మెత్తటి అన్నం, నేతిలో వేయించిన బంగాళదుంపలు, ఉడికించిన రెండు గుడ్లు, గిన్నెలో పెరుగు. ఒక గుడ్డు మీద మాత్రం ఫోర్కు గుచ్చిన గుర్తు ఉంది. గుచ్చాడు, మళ్ళీ తీసేశాడు. అంజనమ్మ పళ్ళెం గట్టు మీద పెట్టి ఆ గుర్తునే చూస్తూ నిలబడింది.

ఆయన వచ్చి పంతొమ్మిది రోజులైంది. పేరు ఫెర్మీన్. స్పెయిన్ దేశంలో సముద్రం ఒడ్డున ఏదో చిన్న ఊరు. భార్య పోయి నాలుగు నెలలు. ఒక్కడే ఉంటే తిండి మానేసి చచ్చిపోతాడని కూతురు ఇన్మా వెళ్ళి వెంటబెట్టుకుని వచ్చింది. ఇక్కడికొచ్చాక కూడా ఆయన చేస్తున్నది అదే. పొద్దున ఒక కాఫీ, మధ్యాహ్నం అర బిస్కెట్, సాయంత్రం మంచినీళ్ళు. పెట్టిన మనిషిని నొప్పించడం ఇష్టం లేదన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని "గ్రాసియాస్" అని వాళ్ళ భాషలో థాంక్స్ చెబుతాడు, పళ్ళెం పక్కకు నెడతాడు.

అంజనమ్మది రాయచోటి పక్క పల్లె. గల్ఫ్‌లో అల్ వక్రా అనే ఊళ్ళోని ఈ ఇంట్లో వంటకు చేరి మూడేళ్ళు. అంతకు ముందు కువైట్‌లో ఆరేళ్ళు చేసింది. అక్కడ ఉండగానే ఊళ్ళో మొగుడు మంచం పట్టాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆడబిడ్డ ఒకటే మాట చెప్పేది, అన్నం ముట్టడం లేదు వదినా అని. ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమని, ఇంత తినండి, నా మాట విని ఒక్క ముద్ద తినండి అని అక్కడి నుంచి బతిమాలేది. పది రోజుల్లో పోయాడు. అప్పటి నుంచి ఎవరైనా విస్తట్లో మెతుకు వదిలితే అంజనమ్మ ఓర్చుకోలేదు. ఇక ఈ పెద్దాయన సంగతి చెప్పాలా? రోజుకొక వంటకం కలిపి పళ్ళెం నింపేది. పక్కనే నిలబడి ఆయన నోటి వంకే చూసేది. ఒక ముద్ద లోపలికి పోతే చాలు, గరిటె ఎత్తి "ఇంకొంచెం పెద్దయ్యా" అనేది. ఆ గరిటెను చూడగానే ఆయన చెయ్యి గుండె మీదికి పోయేది.

డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. బరువు వారం వారం పడిపోతోంది. వచ్చే ఆదివారం తూచినప్పుడు ఇంకా తగ్గితే ఆసుపత్రిలో పెట్టి ముక్కులో గొట్టం వేస్తాం. పెద్దాయన ఆ మాట విని నవ్వి, కూతురితో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఇన్మా ఆ రోజు కారెక్కే దాకా ఓర్చుకుని, కారులో తల వంచుకుని ఏడ్చింది. ఏమన్నాడని ఇంటికొచ్చాక అంజనమ్మ అడిగింది.

"గొట్టం పెడితే పీకేస్తాను అన్నాడు."

మంగళవారం నాడు ఇన్మా ఆఫీసు నుంచే ఫోన్ చేసి మౌలాలిని ఒక హోటల్‌కి పంపింది. మౌలాలి అంజనమ్మ తాలూకా వాడే, పెద్దాయన వచ్చాక ఆసుపత్రికి తిప్పడానికి పెట్టుకున్న డ్రైవరు. ఇన్మా తను మెట్రోలో వెస్ట్ బేలోని ఆఫీసుకు వెళ్ళి వస్తూ, కారునూ మౌలాలినీ తండ్రికి వదిలేసింది. ఆ హోటల్లో స్పెయిన్ వంటవాడు ఉన్నాడట. తాపాస్ అని వాళ్ళ తిండి చేస్తాడట. అది చూస్తే నాన్న కాదనలేడు అంది.

మౌలాలి సంచులు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"అక్కా, ఏడు డబ్బాలిచ్చినారు. ఒక్కోదాంట్లో చూడు, పిల్లికి పెట్టినంత ఉండాది."

అంజనమ్మ ఒక్కొక్క మూత తీసి చూసింది. ఒకదాంట్లో నాలుగు రొయ్యలు. ఒకదాంట్లో మూడు రొట్టె ముక్కలు, వాటి మీద టమాటా గుజ్జు. ఒకదాంట్లో ఆలివ్ కాయలు. ఇంకోదాంట్లో గుడ్డూ బంగాళదుంపా కలిపి వేసిన మందపాటి అట్టు, అరచేతిలో సగం.

"ఇదేందబ్బా! ఇంత పెద్ద హోటలు, ఒక మనిషికి కడుపు నిండా పెట్టల్యా?"

"నాకేం తెలుసక్కా. అదే వాళ్ళ గొప్పంట."

అంజనమ్మకు మనసొప్పలేదు. ఇంత ఆశపడి తెప్పించిన తిండి ఇలా చిన్న చిన్న డబ్బాల్లో పెడితే చూసే మనిషికి ఏం ఆకలేస్తుంది? పండగలకు తీసే పెద్ద పింగాణీ పళ్ళెం కడిగింది. మధ్యలో అన్నం గుండ్రంగా పెట్టి, చుట్టూ రొయ్యలూ అట్టూ చేపా ఆలివ్‌లూ అన్నీ పేర్చింది. చాలదని రొట్టె ముక్కల పక్కన తను పొద్దున చేసిన కోడికూర కూడా సర్దింది. చూడ్డానికి నిండుగా, లక్షణంగా ఉంది. తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టింది.

ఆయన పళ్ళెం వంక చాలాసేపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి దాంట్లో మాట్లాడాడు. కూతురు పెట్టిచ్చిన ఏర్పాటు అది, ఆయన వాళ్ళ భాషలో మాట్లాడితే ఫోన్ తెలుగులో చెబుతుంది. ఫోన్‌లో ఆడగొంతు మెల్లగా పలికింది.

"ఇది ఒక పెళ్ళికి సరిపోతుంది. పెళ్ళికి నేను ఒక్కడినే వచ్చాను."

చెయ్యి గుండె మీద వేసుకుని లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇన్మా వచ్చి ఆ పళ్ళెం చూసింది. మొదట నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వంటింట్లో ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషూ అంజనమ్మకు ఇళ్ళల్లో వంటబట్టిన ఇంగ్లీషూ కలిసి ఇద్దరికీ సరిపోతుంది.

"నీ తప్పు కాదు అంజనా. నాదే తప్పు. వాటిని ఇంటికి తెప్పించకూడదు."

"ఏం మేడం, బాగాలేవా?"

"బాగున్నాయి. కానీ తాపాస్ అంటే వంటకం పేరు కాదు. మా ఊళ్ళో సాయంత్రం అయ్యేసరికి అమ్మా నాన్నా తయారై బయటికి వెళ్ళేవాళ్ళు. సముద్రం పక్కన వీధిలో ఇంతింత కొట్లు వరసగా ఉంటాయి. మొదటి కొట్లో నిలబడి ఒక రొయ్య తినడం, ఎవరో కనబడితే పది నిమిషాలు మాట్లాడ్డం. పక్క కొట్టుకు వెళ్ళి ఇంత చేప. అక్కడ ఇంకొకరు. అలా వీధి చివరి దాకా. కూర్చోరు. ఎవరికీ నిండు పళ్ళెం ఉండదు. ఇంటికొచ్చేసరికి కడుపు నిండిపోయేది, అమ్మ పొయ్యి వెలిగించేది కూడా కాదు. నలభై ఏళ్ళు నాన్న రాత్రి భోజనం అదే."

అంజనమ్మకు ఏదో తెలిసినట్టే అనిపించింది కానీ ఏమిటో పట్టు దొరకలేదు. గిన్నెలు తోముతూ ఆలోచించింది. గురువారం పొద్దున గుడ్డలు ఆరేస్తుండగా ఠక్కున తట్టింది. చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇది మన శుక్రవారమే కదా!

చేపల రేవుకు పోయే దారిలో ఒక పాత విల్లా ఉంది. అందులో నాలుగు గదుల్లో తెలుగు వాళ్ళు ఉంటారు. నాలుగు గదులకూ ఒకటే వంటిల్లు, అందులో రెండే పొయ్యిలు. మామూలు రోజుల్లో ఎవరి డ్యూటీ వాళ్ళది కాబట్టి సర్దుకునేవాళ్ళు. శుక్రవారం అందరికీ సెలవు, అందరికీ నోరు ఊరేది, అందరూ ఒకేసారి పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒకసారి మొదటి గదిలో ఉండే లింగన్న పెట్టిన మటన్ కుండను ఎవరో దించేశారని గిన్నెలు ఎగిరాయి. అప్పుడు నాలుగో గదిలో ఉండే పుష్ప ఒక కట్టడి పెట్టింది. శుక్రవారం గదికి ఒక్కటే వంటకం, అదీ గంట లోపల. వండింది ఎవరి గుమ్మం ముందు వాళ్ళు స్టూలు మీద పెట్టుకోవాలి. అందరూ గుమ్మం గుమ్మం తిరిగి సాసరులో ఇంతింత తింటారు. గదుల్లో ఒకదాని మీద ఒకటి మంచాలు, కూర్చునే చోటే లేదు కాబట్టి నిలబడే తింటారు. అంజనమ్మకు ఆ విల్లాలో ఖమర్ సుల్తానా పాత స్నేహితురాలు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి అయిదున్నరకు వస్తుంది.

తట్టడం అయితే తట్టింది గానీ ధైర్యం చాలలేదు. ఇంటి యజమానురాలి తండ్రిని, నడిస్తే తూలే మనిషిని, కూలి చేసుకునే వాళ్ళ గదులకు తీసుకుపోవడమా? ఏమన్నా అయితే? పని పోవడం అటుంచి, కేసవుతుంది. మేడంని అడగొచ్చు. అడిగితే వద్దంటుంది. వద్దన్నాక తీసుకుపోవడం ఇంకా పెద్ద తప్పు.

శుక్రవారం పొద్దున ఇన్మాకు ఆఫీసులో అవసరం పడింది. "ఈ ఒక్క వారం సెలవు వదులుకో అంజనా, నాన్నను ఒంటరిగా వదలొద్దు" అని చెప్పి పరుగెత్తింది. మధ్యాహ్నం సూప్ గిన్నె నిండుగానే తిరిగి వచ్చింది. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎదురింటి గోడను చూస్తున్నాడు. చొక్కా కాలర్లో మెడ ఊచలాగా ఉంది. ఎల్లుండే ఆదివారం.

అంజనమ్మ మౌలాలికి ఫోన్ చేసింది.

"కారు తియ్యి."

"యాడికక్కా?"

"విల్లాకి. పెద్దయ్య కూడా వస్తాండాడు."

"అక్కా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? మేడంకి తెలిస్తే నన్ను రేపే ఫ్లైట్ ఎక్కిస్తాది."

"నిన్ను కాదు, నన్ను ఎక్కిస్తాది. తీసకపోమన్నది నేనని చెప్తాలే. యల్లా, రా."

పెద్దాయనకు ఫోన్‌లో చెప్పింది, బయటికి పోదాం, నా స్నేహితుల దగ్గరికి అని. ఫోన్ ఆయన భాషలో పలికింది. ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. లేచి గదిలోకి వెళ్ళాడు. రాడేమో అనుకుంది. బూట్లు వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఇంటికొచ్చిన ఇన్ని రోజుల్లో ఆయన తల దువ్వుకోవడం ఆమె చూడలేదు.

విల్లా గేటు తీసేసరికి లోపల తాలింపు వాసన, మాటలు, ఫోన్లో ఎవరిదో పాట. మొదటి గుమ్మం లింగన్నది. జగిత్యాల వైపు వాడు, సైటులో ఇనుప కడ్డీలు కట్టే పని. లుంగీ పైకి కట్టి, పెద్ద గిన్నెలో గుడాలు కలుపుతున్నాడు. ఉడికించిన శనగలు, ఉల్లిపాయ, కొత్తిమీర.

"ఓ అంజనక్కా, ఎవలీ తాత?"

"మా మేడం నాయన. స్పెయినోడు."

"గదెక్కడున్నది?"

"నాకేం తెల్సు. సముద్రాలు దాటి."

"మా అవ్వనడిగితే గదీ దుబాయే అంటది. రా తాతా, రా." సాసరులో రెండు చెంచాల గుడాలు వేసి పెద్దాయన చేతిలో పెట్టాడు. అంతే, అటు తిరిగి మౌలాలితో మాటల్లో పడ్డాడు. "ఏం బాషా భాయ్ తమ్మీ, నీ కారు ఏసీ బాగైందా?"

"నా పేరు మౌలాలి. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"గదే, గదే."

పెద్దాయన సాసరు పట్టుకుని నిలబడ్డాడు. అంజనమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు ఆయన చేతి మీదే. ఒక శనగ తీశాడు. నోట్లో వేసుకోబోయి ఆమెను చూసి ఆగాడు.

"తిను పెద్దయ్యా. లింగన్నా, ఇంకొంచెం వెయ్యి, అంత తక్కువ వేసినావేంది?"

లింగన్న గరిటె పక్కన పెట్టాడు. "ఏందక్కా, ఆయిన నోట్లకే చూస్తున్నవ్? పోలీసోని లెక్క నిలబడ్డవు. గట్ల చూస్తే ఎవలికన్న మింగుడు పడ్తదా? అటు జరుగు. మా పుష్పను పలకరించిపో."

అంజనమ్మకు మొహం మీద కొట్టినట్టయింది. మొగుడి చెవి దగ్గర ఫోన్ పెట్టించి తినండి తినండి అన్న రోజులు కళ్ళ ముందు మెదిలాయి. తిరిగి చూడకుండా నాలుగో గుమ్మం దగ్గరికి నడిచింది. పక్కనే వంటింట్లో పుష్ప పెనం మీద బియ్యప్పిండితో తట్టిన సర్వపిండి తిరగేస్తోంది. ఆమె అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో ఊడ్చే పని చేస్తుంది.

"ఏందక్కా, గా మొకమేంది?"

"ఏం లేదు. నువ్వు మాట్లాడు. నేను వెనక్కి తిరగకుండా చూడు."

పుష్పకు అర్థం కాలేదు గానీ మాట్లాడింది. క్లినిక్‌లో సూపర్‌వైజర్ సంగతి, ఊళ్ళో అక్క కూతురి సంగతి. అంజనమ్మ ఊ కొడుతూ పుష్ప నుదుటి చెమటనే చూస్తూ నిలబడింది. వెనక లింగన్న గొంతు వినబడుతోంది. "ఏం తాతా, మీ ఊర్ల గుడాలు దొరుకతయా?" ఫోన్ ఆడగొంతు ఏదో చెప్పింది. "దొరుకతయంట! పాలకూర ఏసి వండుతరంట. పాలకూరేంది, పాడుగాను!" నవ్వులు.

మెడ నొప్పి పుట్టే దాకా తిరగలేదు. చివరకు తిరిగితే పెద్దాయన మొదటి గుమ్మం దగ్గర లేడు. చూస్తే రెండో గుమ్మం దగ్గర ఉన్నాడు. ఖమర్ సుల్తానా మదనపల్లె మనిషి, మేక కలేజీ మిరియాలతో వేయించింది. పళ్ళ పుల్లతో ఒక ముక్క గుచ్చి ఆయనకు అందించి, తన మొగుడి మీద చాడీలు చెబుతోంది. ఆమె తెలుగు ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అయినా తల ఊపుతున్నాడు, మధ్యలో వేలు పైకెత్తి తనూ ఏదో చెబుతున్నాడు. ఖమర్ "అవునన్నా, అందరూ అట్లనే" అంటోంది.

మూడో గుమ్మం రామాంజులుది. అనంతపురం మనిషి, నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. పొద్దున్నే రేవుకు పోయి వేలెడేసి చేపలు తెచ్చి, తలతో సహా కరకరలాడేటట్టు వేయించాడు. పెద్దాయన వాటిని చూసి ఒక్క కేక పెట్టాడు. తోక పట్టుకుని ఎత్తి ఎలా తినాలో రామాంజులుకే చూపించాడు. తిన్నాడు. చేతులూ మూతీ కాగితంతో తుడుచుకుని, ఆ కాగితం ఉండ చుట్టి ఠపీమని నేల మీద పడేశాడు.

పుష్ప చూసింది. గరిటె చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చేసింది.

"ఏందయ్యా పెద్దమనిషీ! ఇంత మంచిగ తల దువ్వుకున్నవ్, చెత్త డబ్బా కనవడలేదా? పొద్దుగాల నడుం ఇరిగేటట్టు ఊడ్సిన నేను."

పెద్దాయన ఆమె మాట వింటూ ఇంకో చేప తిని, ఇంకో కాగితం పడేశాడు. లింగన్న పగలబడి నవ్వాడు. సరిగ్గా అప్పుడే అంజనమ్మ ఫోన్ మోగింది.

"మా నాన్న ఎక్కడ?" ఇన్మా గొంతు వణుకుతోంది. "ఇంట్లో ఎవరూ లేరు. ఆసుపత్రికి తీసుకెళ్ళారా? చెప్పు!"

అంజనమ్మ ఉన్న సంగతి చెప్పింది. ఎక్కడున్నారో పంపమని చెప్పి ఇన్మా పెట్టేసింది. మౌలాలి మొహం పాలిపోయింది. "చెప్పినా గదక్కా" అని గొణుగుతూ లొకేషన్ పంపాడు.

పావుగంటలో గేటు ముందు టాక్సీ ఆగింది. ఇన్మా ఆఫీసు బట్టల్లోనే విసురుగా లోపలికి వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. నేరుగా అంజనమ్మ ముందు నిలబడింది.

"నాకు చెప్పకుండా ఎలా తీసుకొస్తావు? ఆయన పడిపోతే? నిన్ను నమ్మి కదా వదిలాను!"

"తప్పే మేడం. మౌలాలిది ఏం తప్పు ల్యా, నేనే తెమ్మన్నా. అడిగితే వద్దంటారని అడగల్యా."

"అవును, వద్దనేదాన్నే!"

ఇంకా ఏదో అనబోయి ఆగింది. ఆమె చెప్పు కింద కాగితం ఉండ ఒకటి నలిగింది. కిందికి చూసింది. అక్కడొకటి, అక్కడొకటి, మూడో గుమ్మం ముందు నాలుగు. కాగితాల వెంట చూపు మెల్లగా వెళ్ళి తండ్రి దగ్గర ఆగింది. ఆయన కూతురి అరుపు విననే లేదు. రామాంజులుతో చేతులు తిప్పుతూ వాదన పెట్టుకున్నాడు. వాదిస్తూనే స్టూలు మీద నుంచి చేప తీసి నోట్లో వేసుకున్నాడు.

ఇన్మా వంగి ఒక కాగితం ఉండ తీసి చేతిలో పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు జలజలా రాలాయి.

"ఎవరు పడేశారు ఇవి?"

"ఇంకెవలు, మీ నాయినే!" అంది పుష్ప. "చెప్తె ఇంటలేడు. మీరన్న చెప్పుండ్రి."

ఆ మాటలను అంజనమ్మ తన ఇంగ్లీషులో చెప్పింది. ఇన్మా ఏడుస్తూనే నవ్వింది. "మా ఊళ్ళో కొట్టు మంచిదో కాదో ఎలా తెలుస్తుందో చెప్పు వీళ్ళకు. నేల మీద ఎన్ని కాగితాలుంటే అంత మంచి కొట్టు. తిండి బాగాలేని చోట ఆయన కాగితం జేబులో పెట్టుకుని వచ్చేస్తాడు."

అంజనమ్మ తెలుగులో చెప్పింది. పుష్ప మొహం కాస్త మెత్తబడింది. అయినా తగ్గలేదు. "మా ఇంటికి గంత మంచిపేరు ఒద్దు తల్లీ. ఊడ్సేది నేను."

పెద్దాయన అప్పుడు కూతుర్ని చూశాడు. ఏమీ జరగనట్టు చెయ్యి ఊపి, ఆమెను మొదటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి సాసరు ఇప్పించాడు. తను మళ్ళీ ఇంత గుడాలు వేయించుకున్నాడు. ఇద్దరూ గోడకానుకుని నిలబడి తిన్నారు. అంజనమ్మ ఆ వైపు చూడకుండా సర్వపిండి ముక్క తుంచుకుంది.

బయల్దేరుతుంటే లింగన్న అడ్డం వచ్చాడు.

"మేడంకు చెప్పుండ్రి. ఇయ్యాల తాత మా సుట్టం. గని ఈడ ఒక రూల్ ఉన్నది. ఒక శుక్రవారం తిన్నోడు మల్ల శుక్రవారం తన వంతుకు ఒకటి ఒండి పెట్టాలె. లేకపోతే గేటు తియ్యం."

ఇన్మా తండ్రికి చెప్పింది. పెద్దాయన నవ్వు మాయమైంది. బూట్ల వంక చూసుకున్నాడు. మెల్లగా ఏదో అన్నాడు.

"నాకు వంట రాదు అంటున్నాడు. ఇంట్లో ఏదున్నా అమ్మే చేసేది. చేపలు కాల్చడం ఒకటి వచ్చట. అదీ బతికుండగా ఆమె ఉప్పు చల్లి ఇస్తేనే."

లింగన్న గొంతు తగ్గించి, "ఉప్పు మేం సల్లుతం తాతా. నువ్వు కాల్చు" అన్నాడు.

ఆదివారం డాక్టరు తూచాడు. బరువు పెరగలేదు. కానీ తగ్గలేదు. గొట్టం మాట రెండు వారాలు వాయిదా వేశాడు. ఆ వారం ఇంట్లో అంజనమ్మ పెద్ద పళ్ళేలు పైకి ఎత్తి పెట్టేసింది. వంటింటి గట్టు మీద సాసరులో ఇంత అట్టు ముక్క, వరండాలో మౌలాలి చేతికి నాలుగు రొయ్యలు, మేడ మెట్ల మీద ఇన్మా దగ్గర ఇంత రొట్టె. పెద్దాయన తిరుగుతూ తిన్న రోజు తిన్నాడు. బుధవారం నాడు ఏదీ ముట్టకుండా రోజంతా పడుకున్నాడు. అంజనమ్మకు గుమ్మం దాకా వెళ్ళి పిలవాలని కాలు లాగింది. పళ్ళ బిగువున ఓర్చుకుని వంటింట్లోనే ఉంది. గురువారం పొద్దున ఆయనే లేచి వచ్చాడు, ఫోన్ పట్టుకుని. "చేపలు ఎక్కడ అమ్ముతారు?" అంది ఫోన్.

రేవుకు మౌలాలి తీసుకెళ్ళాడు. పెద్దాయన ప్రతి చేప కన్నూ మొప్పా చూసి, అమ్మేవాడితో తగాదా పడి, జానెడు పొడవున్న వెండి రంగు చేపలు ఎంచాడట. రెండు గంటలు ఎండలో నిలబెట్టినాడక్కా అని మౌలాలి మొత్తుకున్నాడు.

శుక్రవారం విల్లా ముంగిట్లో సగానికి కోసిన డ్రమ్ములో బొగ్గులు రాజేశారు. పెద్దాయన చొక్కా చేతులు మడిచి, ఇనుప శీకులకు చేపలు గుచ్చి, గాలి ఎటు వస్తుందో చూసి ఏటవాలుగా నిలబెట్టాడు. ఉప్పు పొట్లం లింగన్న పట్టుకున్నాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని ఎంత ఎత్తు నుంచి చల్లాలో చూపించాడు. మొదటి శీకు మాడిపోయింది. ఎవరికీ పెట్టలేక అటు తిరిగి తనే ఊదుకుంటూ తినేశాడు. రెండోది సరిగ్గా వచ్చింది.

అందరూ తిన్నారు. ఖమర్ బాగుందంది. రామాంజులు రెండోది అడిగాడు. లింగన్న మాత్రం మొహం చిట్లించాడు.

"తాతా, మంచిగున్నది. గని ఉప్పు తప్ప ఏం లేదు. జర కారం తగులాలె."

ఫోన్ చెప్పింది. పెద్దాయన "నో" అన్నాడు. లింగన్న గదిలోంచి కారం డబ్బా తెచ్చి ఒక చేప మీదికి వంచబోయాడు. పెద్దాయన ఆ చెయ్యి మీద ఒక్కటి వేశాడు. పుష్ప నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంతం పంతమే. చివరికి పెద్దాయనే డబ్బా లాక్కుని, మీకే చూపిస్తాను అన్నట్టు తన చేప మీద చిటికెడు కారం చల్లుకుని కొరికాడు. నమిలాడు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఆకాశం వంక చూసి గట్టిగా ఒక మాట అన్నాడు.

"ఏమన్నడు, ఏమన్నడు?" అని అందరూ ఇన్మా మీద పడ్డారు.

"అది నేను చెప్పకూడని మాట" అంది ఇన్మా, నీళ్ళ సీసా మూత తీస్తూ.

పెద్దాయన సీసా పక్కకు తోసి, ఆ చేపలో మిగిలిన సగం ఎముక దాకా తినేసి, కారం డబ్బా లింగన్నకు ఇవ్వకుండా తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంకో శీకు గుచ్చడానికి చేపల గిన్నె దగ్గరికి వంగాడు.